ఒకే కాలమ్‌కి రెండు ఇండెక్సులుంటే ఏది తీసేయాలి?

డేటాబేస్‌లో సెలెక్ట్‌లు (డేటా చదవడం) బాగానే నడుస్తూ, ఇన్సర్ట్‌లు (కొత్త రోలు రాయడం) మాత్రం రోజురోజుకీ నెమ్మదిస్తున్నాయంటే ముందు ఆ టేబుల్ మీద ఎన్ని ఇండెక్సులు, అంటే రోలను త్వరగా వెతకడానికి కట్టుకునే జాబితాలు, ఉన్నాయో చూడండి. ఎవరికీ పనికిరాని ఇండెక్స్‌లోకి కూడా ప్రతి కొత్త రో రాయాల్సిందే.

ఎక్కువగా జరిగేది ఇదే: ఈమెయిల్ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెడతాం, దానికోసం డేటాబేస్ తనే ఒక ఇండెక్స్ కట్టుకుంటుంది, అది తెలియక ఇంకొకరు మైగ్రేషన్‌లో (టేబుళ్ల నిర్మాణం మార్చే స్క్రిప్ట్‌లో) అదే కాలమ్‌కి వేరే పేరుతో మళ్లీ వేస్తారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే ఏమీ అనదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ రెండూ ఒకే రకం ఇండెక్సులైతే వార్నింగ్ ఇస్తుంది గానీ, అది లాగ్‌లో కొట్టుకుపోతుంది.

మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి సిస్ స్కీమాలో (డేటాబేస్ గురించిన సమాచారం చూపే భాగంలో) 'స్కీమా రిడండెంట్ ఇండెక్సెస్' అనే వ్యూ (టేబుల్‌లా చదవగలిగే సిద్ధమైన క్వెరీ) ఉంది. ఏది అనవసరమో, దేనివల్ల అనవసరమో చూపించి, డ్రాప్ స్టేట్‌మెంట్ కూడా రాసిస్తుంది. దయచేసి దాన్ని అలాగే కాపీ చేసి రన్ చేయకండి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే 'పీజీ ఇండెక్సెస్' వ్యూ నుంచి డెఫినిషన్లు తీసి మనమే పోల్చుకోవాలి. పేరు చివర 'సీసీన్యూ' అని కనిపిస్తే, రాతలు ఆపకుండా ఇండెక్స్‌ని మళ్లీ కట్టే 'రీఇండెక్స్ కంకరెంట్లీ' కమాండ్ మధ్యలో ఫెయిలై వదిలేసిన ముక్క కావచ్చు, అది ఇన్‌వాలిడ్‌గా ఉందని చూసుకుని తీసేయొచ్చు.

అసలు జాగ్రత్త పోల్చేటప్పుడే కావాలి. ఆర్డర్ల టేబుల్‌లో కస్టమర్, తేదీ కాలమ్‌లు కలిపి ఒక ఇండెక్స్ ఉంటే, కస్టమర్ ఒక్కదాని మీద ఉన్నది చాలావరకు దండగే, ఎందుకంటే కలిపి ఉన్నదాన్ని ఎడమ వైపు నుంచి వాడుకోవచ్చు. తేదీ ఒక్కదాని మీద ఉన్నది మాత్రం డూప్లికేట్ కాదు. చిన్నది, అంటే కస్టమర్ ఒక్కదాని మీద ఉన్నది, యూనిక్ అయితే దాన్ని ముట్టుకోవద్దు, అది వేగం కోసం కాదు, డేటా తప్పుగా పడకుండా ఆపడానికి ఉంది. ఇంకొకటి చాలామంది గమనించరు. మైఎస్‌క్యూఎల్ డేటా దాచే ఇంజిన్ ఇన్నోడీబీలో ప్రతి సెకండరీ (ప్రైమరీ కీది కాని) ఇండెక్స్ చివర ప్రైమరీ కీ, ఇక్కడైతే ఆర్డర్ ఐడీ, ఉంటుంది కాబట్టి, ఒక కస్టమర్ ఆర్డర్లను ఐడీ వరుసలో అడిగే క్వెరీకి చిన్న ఇండెక్స్ ఉంటే వేరే సార్ట్ అక్కర్లేదు, అది తీసేస్తే మధ్యలో తేదీ అడ్డొచ్చి ఫైల్‌సార్ట్ (విడిగా వరుసలో పెట్టే పని) మొదలవుతుంది. అందుకే అలాంటి క్వెరీలకి ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే కమాండ్) వేసి చూడండి.

మైఎస్‌క్యూఎల్ 8.0లో డ్రాప్ చేసే ముందు ఇండెక్స్‌ని ఇన్‌విజిబుల్ చేసి (క్వెరీలు వాడకుండా దాచి) కొన్నాళ్లు ఆగండి, నెలాఖరు రిపోర్టులు కూడా నడిచేదాకా ఆగితే ఇంకా మంచిది. ఈలోపు ఇన్సర్ట్‌లు వేగం కాలేదని కంగారు పడొద్దు, దాక్కున్న ఇండెక్స్‌లోకి కూడా రాత జరుగుతూనే ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఐడీఎక్స్ స్కాన్ (ఇండెక్స్‌ని ఎన్నిసార్లు వాడారన్న లెక్క) సున్నా ఉందని తొందరపడకండి. రెప్లికాలో (డేటాబేస్ నకలు ఉన్న వేరే సర్వర్‌లో) ఆ లెక్క వేరుగా ఉంటుంది, రిపోర్టులన్నీ అక్కడే నడుస్తుండొచ్చు. తీసేటప్పుడు డ్రాప్ ఇండెక్స్ కంకరెంట్లీ వాడితే టేబుల్ మీద రాతలు ఆగవు. అది ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అన్నట్టు కట్టిన కమాండ్ల గుంపు) లోపల నడవదు కాబట్టి మైగ్రేషన్ టూల్‌లో ఆ ఒక్కదానికి ట్రాన్సాక్షన్ ఆఫ్ చేయండి. తీసేసే ఇండెక్స్ క్రియేట్ స్టేట్‌మెంట్‌ని ముందే ఒక ఫైల్‌లో దాచిపెట్టుకోండి, తేడా వస్తే మళ్లీ కట్టడానికి అదే కావాలి.