ఫీలైన్ లుకేమియా పాజిటివ్ వచ్చిన పిల్లిని ఇంట్లో ఎలా చూసుకోవాలి

పేరులో లుకేమియా ఉంది కాబట్టి రిపోర్టు చూడగానే బ్లడ్ క్యాన్సర్ అనుకుని బెంబేలెత్తిపోతారు. నిజానికి ఇది పిల్లులకు సోకే ఒక వైరస్ పేరు. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే ఒక క్యాన్సర్) ఉన్న పిల్లుల్లో దీన్ని కనుగొంది, అలా క్యాన్సర్ పేరే దీనికి స్థిరపడింది. కొన్ని పిల్లులకు క్యాన్సర్ వచ్చే మాట నిజమే కానీ, రక్తహీనత, రోగనిరోధక శక్తి పడిపోవడం కూడా అంతే ముఖ్యమైన సమస్యలు. వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు లేదు. వైరస్ రక్తంలో నిలిచిపోయిన పిల్లులు చాలావరకు అది బయటపడ్డాక రెండున్నర, మూడేళ్లు బతుకుతాయి. పెద్దయ్యాక అంటుకున్నవాటిలో కొన్ని అంతకన్నా చాలా ఎక్కువే బతుకుతాయి. ఆ కాలాన్ని మధ్యలోనే తుంచేసేవి తరచుగా చిన్న విషయాలే: పట్టించుకోని జలుబు, పంటి చీము, ఆలస్యంగా బయటపడిన రక్తహీనత. ఇంట్లో మనం చేయగలిగేదంతా వాటిని ముందుగా పసిగట్టడంలోనే ఉంది.

ఒక్క టెస్టుతో తేల్చేయకండి

క్లినిక్‌లో రెండు మూడు చుక్కల రక్తంతో, పది నిమిషాల్లో చేసే కిట్ టెస్టు వైరస్‌లోని పి27 అనే ప్రొటీన్‌ను వెతుకుతుంది. ఆరోగ్యంగా కనిపించే పిల్లికి పాజిటివ్ వస్తే, ల్యాబ్‌కు పంపి పీసీఆర్‌తో (వైరస్ జన్యువును వెతికే పరీక్ష) గానీ మరో పద్ధతిలో గానీ ఖాయం చేసుకోవాలి. ఆరు వారాలకు కిట్ టెస్టు మళ్లీ చేయించాలి. కొన్ని పిల్లుల శరీరం వైరస్‌ను అణచివేస్తుంది, అప్పుడు రెండోసారి నెగటివ్ వస్తుంది. అలాంటి పిల్లి మామూలుగా ఇతర పిల్లులకు అంటించదు. అయినా దాని రక్తం మాత్రం మరో పిల్లికి ఎక్కించకూడదు, ఎందుకంటే వైరస్ జన్యువు కణాల్లో మిగిలే ఉంటుంది.

తిరగేసి చూస్తే, వీధి పిల్లి కరిచిన మర్నాడే టెస్టు చేయించి నెగటివ్ వచ్చిందని సంతోషించడమూ తప్పే. వైరస్ రక్తంలో కనిపించడానికి సుమారు 30 రోజులు పడుతుంది. అప్పుడు మళ్లీ చేయించండి.

ఇల్లు, మిగతా పిల్లులు

మనుషులకు, కుక్కలకు ఇది అంటదు. పిల్లి నుంచి పిల్లికి ప్రధానంగా లాలాజలం ద్వారా పోతుంది: ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కరుచుకోవడం. తల్లి నుంచి కూనలకూ వస్తుంది. కాబట్టి ఇంట్లో ఉన్న ప్రతి పిల్లికీ టెస్టు చేయించి, నెగటివ్ వాటిని వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే లిట్టర్ ట్రేతో ఉంచండి. విడదీయడం కుదరని ఇంట్లో నెగటివ్ పిల్లులకు లుకేమియా టీకా గురించి డాక్టర్‌ను అడగండి. మన దగ్గర ఎక్కువగా వేసే ట్రైక్యాట్ టీకాలో లుకేమియా లేదు, అది మూడు వేరే వైరస్‌లకు. "టీకాలన్నీ అయిపోయాయి" అనుకునేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు.

పాజిటివ్ పిల్లి ఇక బయటికి వెళ్లకూడదు. ఇతర పిల్లులకు అంటుతుందన్నది ఒక కారణం. బయటి రోగాలు దీనికి అంటితే తట్టుకోలేకపోవడం అంతకంటే పెద్ద కారణం. బాల్కనీకి, కిటికీలకు గట్టి జాలీ బిగించండి. దోమతెరను పిల్లి గోళ్లు రెండు రోజుల్లో చించేస్తాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకపోతే పిల్లి ఎలాగోలా బయటికి దూరిపోతుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే అది చేయించేయాలి.

ఈ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, సబ్బు నీళ్లకే చచ్చిపోతుంది. అందువల్ల ఫినాయిల్, డెటాల్ లాంటివి అక్కర్లేదు. పైగా అవి పిల్లికి విషం. ఫినాల్ జాతి రసాయనాలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాకితే లోపలికి పోతాయి. సర్ఫ్ నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో తుడిచి, ఆరనివ్వండి చాలు.

తిండి

పచ్చి మాంసం, పచ్చి చేపలు, పచ్చి గుడ్డు, కాచని పాలు పూర్తిగా మానేయాలి. వాటిలో ఉండే సాల్మొనెల్లా, టాక్సోప్లాస్మా లాంటి క్రిములు మామూలు పిల్లికి విరేచనాలతో పోవచ్చు, దీనికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

మనిళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. కూరలోంచి తీసి కడిగి పెట్టిన చికెన్ ముక్క సురక్షితమనిపిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి సారం అప్పటికే ముక్కలోకి దిగిపోయి ఉంటుంది. అది పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. రక్తం తయారీయే దెబ్బతిన్న పిల్లికి ఇది రెట్టింపు దెబ్బ. పిల్లి కోసం ముక్కలు వేరే గిన్నెలో ఉప్పు, అల్లంవెల్లుల్లి ముద్ద వేయకముందే పక్కకు తీసి ఉడికించండి.

అయితే ఉడికించిన చికెన్ ఒక్కటే రోజూ పెట్టినా చాలదు, కాల్షియం ఉండదు. పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం కొంత ఉడికిన నీళ్లలోకి పోతుంది, కాబట్టి ఆ నీళ్లు పారబోయకండి. పెరుగన్నం, కుక్కల తిండి అసలు లెక్కలోకి రావు. ప్రధాన భోజనం "కంప్లీట్" అని రాసి ఉన్న పిల్లుల ఫుడ్డే కావాలి. నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు సరిపోతాయి. పొడి ఫుడ్ అయితే దాదాపు 55–65 గ్రాములు, ప్యాకెట్ మీది కేలరీలు చూసి సరిచేసుకోండి.

ముక్కు మూసుకుపోతే పిల్లి తినదు, వాసన తెలియదు కదా. తడి ఫుడ్‌ను గోరువెచ్చగా చేసి పెట్టండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాటికి ఆగొద్దు. తిండి ఆగితే కొవ్వు కాలేయంలోకి చేరి కామెర్లు వస్తాయి, లావు పిల్లుల్లో మరీ త్వరగా.

వారానికోసారి పది నిమిషాలు

బరువు: పసిపిల్లల తూకం మంచిది. మనుషుల మిషన్ వంద గ్రాములు తేడా చూపించదు. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే ఐదు శాతం పోయినట్టే, ఫోన్ చేయాల్సిందే.

చిగుళ్లు: కిటికీ పక్కన, పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. బొటనవేలితో పై పెదవిని కోరపన్ను దగ్గర ఎత్తి చూస్తే లేత గులాబీ రంగు ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. కాగితంలా పాలిపోతే రక్తహీనత, పసుపుగా ఉంటే కామెర్లు. నారింజ రంగు పిల్లుల చిగుళ్ల మీద నల్ల మచ్చలు సహజం, వాటికి కింది కనురెప్ప లోపలి వైపు చూడండి. చిగుళ్లు ఎర్రగా వాచి, దుర్వాసన ఉంటే నోటి పుండ్లు మొదలైనట్టు.

ఊపిరి: గాఢంగా నిద్రపోతున్నప్పుడు 30 సెకన్లు పక్కటెముకలు లేచినవి లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 దాటి, అలాగే కొనసాగితే తేలిగ్గా తీసుకోకండి. వయసు తక్కువున్న పాజిటివ్ పిల్లుల్లో ఛాతీలో లింఫోమా పెరిగి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది అర్ధరాత్రైనా ఆసుపత్రే.

జ్వరం అనిపిస్తే డిజిటల్ థర్మామీటర్‌కు వ్యాజిలిన్ రాసి మలద్వారంలో రెండు సెంటీమీటర్లు పెట్టి చూడండి. 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు, 103 దాటితే డాక్టర్. పారాసిటమాల్ మాత్ర పావు ముక్క కూడా వేయకండి. అది పిల్లిని చంపేస్తుంది.

డాక్టర్ దగ్గర

ఆరోగ్యంగా ఉన్నా ఆరు నెలలకోసారి పరీక్ష, పూర్తి రక్త పరీక్షతో సహా. కొత్త క్లినిక్‌లో అడుగుపెట్టే ముందే పాజిటివ్ అని చెప్పండి, వరుసలో మిగతా పిల్లుల పక్కన కూర్చోబెట్టరు. ఫ్లీలు (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు) రక్తకణాల మీద బతికే బ్యాక్టీరియాను మోసుకొస్తాయి, కాబట్టి వాటి మందు నెలనెలా తప్పకుండా వేయాలి. కుక్కల మందు వేయకండి, పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నవి పిల్లికి ప్రాణాంతకం. స్టెరాయిడ్లు మాత్రం ఎందుకిస్తున్నారో అడిగి తెలుసుకోండి. దురదకు, జలుబుకు ఊరికే ఇచ్చేవి కావు. లింఫోమాకో, రోగనిరోధక శక్తి సొంత రక్తకణాల మీదే చేసే దాడికో ఇస్తే అది వేరే సంగతి.

రక్తం ఎక్కించాల్సి వస్తే రక్త వర్గం కలిసి తీరాలి, దాత నెగటివ్ అని పీసీఆర్‌తో కూడా తేలితే మంచిది. బి (B) వర్గం పిల్లికి A వర్గం రక్తం ఎక్కిస్తే నిమిషాల్లోనే ప్రమాదం.

పిల్లి పోయాక పరుపు, గిన్నెలు సబ్బు నీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే ఈ వైరస్ మిగలదు. కొత్త పిల్లిని తెచ్చే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి: పోయిన పిల్లికి ప్యాన్‌ల్యూకోపీనియా అనే మరో వైరస్ జబ్బు కూడా ఉండి ఉంటే, ఆ వైరస్ ఇంట్లో ఏడాదిదాకా నిలుస్తుంది. టీకా వేయని కూనను అప్పుడు తేకండి.