హెచ్‌ఎం సెలవు పెడితే బడి తడబడుతోందా?

సమస్య: మీరు ఒక్క రోజు సెలవు పెట్టగానే ఫోన్లు మొదలవుతాయి. రాని టీచరు పీరియడు ఎవరు తీసుకోవాలి? భోజనానికి ఈ రోజు బియ్యం ఎంత తూచి ఇవ్వాలి? స్టోరు గది తాళం ఎక్కడుంది?

కారణం: చిన్నా పెద్దా నిర్ణయాలన్నీ మీ బల్ల మీదే ఆగుతున్నాయి. చాలామంది ప్రధానోపాధ్యాయులు దీన్నే బాధ్యత అనుకుంటారు. నిజానికి బడికి ఇంతకంటే నష్టం చేసే అలవాటు మరొకటి లేదని నా నమ్మకం.

పరిష్కారం: రెండు వారాల పాటు మిమ్మల్ని అడిగిన ప్రతి నిర్ణయాన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. తర్వాత ఒక్కొక్క దాని పక్కన గుర్తు పెట్టండి: నేనే తేల్చాల్సింది, మరొకరు తేల్చగలిగింది, ముందే ఒక పద్ధతి ఉంటే ఎవరూ అడగనక్కర లేనిది. ఈ మూడో రకం ఎంత ఎక్కువగా ఉందో చూస్తే ఆశ్చర్యపోతారు. సర్దుబాటు పీరియడ్లకు వంతుల పట్టిక రాసి స్టాఫ్ రూములో అంటించండి. భోజనం లెక్కలు ఒకరికి అప్పగించండి. అప్పగించాక వారి నిర్ణయాన్ని అందరి ముందు మార్చకండి. ఒక్కసారి మార్చినా అన్నీ మళ్లీ మీ దగ్గరికే వస్తాయి.

సమస్య: శాలాసిద్ధి (బడి తన పనితీరును తానే కొలుచుకునే జాతీయ కార్యక్రమం) స్వీయ మూల్యాంకనంలో దాదాపు అన్నిటికీ అన్నిటికంటే పైదైన మూడో స్థాయి వేసుకున్నారు. ఏడో తరగతి పిల్లలేమో పేరా చదవడానికి తడుముకుంటున్నారు.

కారణం: 7 రంగాలు, 46 ప్రమాణాలున్న ఆ పత్రాన్ని గడువుకు ముందు రోజు మీరొక్కరే కూర్చుని నింపారు.

పరిష్కారం: నాయకత్వ రంగంలో బోధన, అభ్యసనాలకు సంబంధించిన ప్రమాణం ఒక్కటే తీసుకోండి. ఈ నెలలో ఎన్ని తరగతుల్లో వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్నారు? విన్న తర్వాత ఆ టీచరుతో ఏం మాట్లాడారు? తేదీతో సహా జవాబు రాయలేకపోతే స్థాయి తగ్గించండి. తగ్గించడం అవమానం కాదు, పిల్లలకు మేలు అక్కడే మొదలవుతుంది.

సమస్య: స్టాఫ్ మీటింగులో ఎవరూ నోరు విప్పరు.

కారణం: నిర్ణయం ప్రకటించాక అభిప్రాయం అడుగుతున్నారు.

పరిష్కారం: పేరు లేని చీటీల మీద ఒకే ప్రశ్నకు జవాబు రాయమనండి: ‘హెచ్‌ఎం ఏ పని మానేస్తే మీ పాఠం బాగుపడుతుంది?’ చేతిరాత గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి. తర్వాతి సమావేశంలో అన్నీ చదివి వినిపించి, ఒక్కటైనా ఆ వారమే అమలు చేయండి.

సమస్య: బడి యాజమాన్య కమిటీ సభ్యులు సంతకాలకే వస్తారు.

కారణం: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు. కూలి పనికి వెళ్లే తల్లికి పదకొండు గంటల సమావేశం కుదరదు.

పరిష్కారం: సమయం వారినే అడగండి.

ప్రధానోపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. కోర్సు ఎంచుకునే ముందు ఆ నోటు పుస్తకం, చీటీలు మరోసారి ముందు పెట్టుకోండి.