స్వీడన్ బయొనెట్లు కలెక్ట్ చేయాలంటే

బెజవాడలో కూర్చుని స్వీడన్ బయొనెట్లు (తుపాకీ చివర బిగించే కత్తులు) కొనాలనుకుంటే ముందు కమిషనరేట్‌లో లైసెన్స్ సంగతి అడగండి, ఆయుధాల రూల్స్‌లో బయొనెట్ పేరే ఉంది మరి. మొదలెట్టడానికి 1896 మోడల్ మంచిది, మౌజర్ రైఫిల్‌ది, బ్లేడు సుమారు 21 సెంటీమీటర్లు, పిడి చెక్క కాదు, గొట్టంలా ఉండే స్టీలు, చేత్తో పట్టుకుంటే ఆ పనితనానికి ముచ్చటేస్తుంది నాకైతే. ఎస్కిల్‌స్టూనా కంపెనీ ముద్ర, కిరీటం గుర్తు, రెజిమెంట్ నంబర్ చూడండి, ఐ అంటే ఇన్‌ఫాంట్రీ (కాల్బలం), కే అంటే అశ్వదళం. ఒర మీద, కత్తి మీద నంబర్లు కలిస్తే ఇంకా మంచిది. గరుకు కాగితంతో మాత్రం రుద్దొద్దు ప్లీజ్, ముద్రలు అరిగిపోతాయి! మన కృష్ణ ఒడ్డు తేమకి తుప్పు తొందరగా పడుతుంది, కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి, ఒరని బెల్టుకి తగిలించే తోలు తొడుగు ఉంటే దాంట్లోంచి తీసి విడిగా పెట్టండి, తోలు తడి పీలుస్తుంది.