ఐరిష్ స్టౌట్ ఎట్టా తాగాలి: చెట్టు కింద కల్లు తాగినోళ్ల కోసం

మా మేనమామది కావలి పక్క పల్లె. కల్లు విషయంలో ఆయనకి ఒకటే లెక్క, తెల్లారకముందే చెట్టు కిందకి పోవాల, లొట్టి దించంగానే తాగాల, అంతే. అదే లొట్టి సైకిల్ మీద ఎగిరెగిరి పదకొండింటికి టౌన్‌కి చేరిందంటే వేలు కూడా పెట్టడు, "ఇది కల్లు కాదబ్బయా, కుడితి" అంటాడు. నేను ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో మూడేళ్లు ఉద్యోగం చేసి నెల్లూరు తిరిగొచ్చినాక అందరూ అడిగేది ఒకటే, ఆ నల్ల బీరులో ఏముందిరా అంత, మేం తాగితే మాడిపోయిన డికాక్షన్ లాగుందే అని. నాకు మామ మాటే గుర్తొస్తది. ఆ నల్ల బీరు పేరే స్టౌట్, అది కూడా అట్టాంటిదే, పుట్టిన చోటికి ఎంత దగ్గరగా తాగితే అంత బాగుంటది. కాకపోతే పులిసిన కల్లుని ఎవడూ వెనక్కి తిప్పలేడు, స్టౌట్‌కి మాత్రం దూరం వల్ల పోయిన రుచిలో సగమన్నా మనింట్లోనే రాబట్టుకోవచ్చు.

ముందు ఆ నీళ్ల కథ పక్కన పెట్టండి. డబ్లిన్‌లో పారే లిఫ్ఫీ నది నీళ్ల వల్లే ఆ రుచి అని చాలామంది అంటారు, స్టౌట్‌లో పేరుమోసిన బ్రాండ్ గిన్నిస్, దాన్ని కాచేది అసలు ఆ నది నీళ్లతో కాదు, డబ్లిన్ పక్కనున్న విక్లో కొండల నుంచి వచ్చే నీళ్లతో. లండన్‌లో వాళ్లకి పార్క్ రాయల్ అని ఒక బ్రూవరీ ఉండేది, 2005లో దాన్ని మూసేశారు, అప్పట్నుంచి ఇంగ్లండ్ పబ్బుల్లో పోసేది కూడా డబ్లిన్ సరుకే. అయినా మా ఆఫీసులో ఐరిష్ వాళ్లు లండన్ పోయొస్తే చాలు, అక్కడ అస్సలు బాలేదని గొణిగేవాళ్లు. సరుకు ఒకటే, మరి తేడా ఎక్కడ? పీపా ఎంత బిన్నా ఖాళీ అవుద్ది, పీపా నుంచి కొళాయి దాకా వచ్చే పైపులు ఎప్పుడు కడిగారు, పోసేవాడి చెయ్యి ఎట్టాంటిది, వీటిలోనే ఉంది మొత్తం. రోజూ పీపాలు పీపాలు అయిపోయే పబ్బులో పైపుల్లో నిలవుండేదే ఉండదు, ఎప్పుడో ఒకడు వచ్చి అడిగే చోట అదే పీపా వారాల తరబడి పడుంటది.

దీని మీద పరిశోధన కూడా చేశారండోయ్. నలుగురు కలిసి 14 దేశాల్లో, 33 ఊళ్లలో, 71 పబ్బులు తిరిగి గిన్నిస్ తాగి మార్కులేశారు, 2011లో జర్నల్ ఆఫ్ ఫుడ్ సైన్స్‌లో వచ్చింది. వందకి ఐర్లండ్‌లో సగటున 74, బయట 57. పబ్ వాతావరణం బాగుండబట్టే ఎక్కువ మార్కులు పడ్డాయేమో అని దాన్ని కూడా లెక్కలో సరిచేసి చూశారు, తేడా అట్టాగే నిలబడింది. కాకపోతే తాగేవాళ్లకి తాము ఏ దేశంలో ఉన్నారో తెలుసు కదా, అందుకని నేనైతే దాన్ని సగమే నమ్ముతా. ఇంకో తమాషా, స్టాటిస్టిక్స్‌లో మనం బట్టీపట్టిన స్టూడెంట్స్ టీ-టెస్ట్ ఉందే, ఇట్టాంటి రెండు సగటుల మధ్య తేడా నిజమా కాదా అని తేల్చేది, అది 1908లో రాసిన గాసెట్ గిన్నిస్ కంపెనీ ఉద్యోగే, పేరు బయట పెట్టకూడదు కాబట్టి స్టూడెంట్ అని రాసుకున్నాడు.

ఇక నాలుకని రెడీ చేసుకోవడం. బీరంటే చల్లగా, గొంతులో సుర్రుమంటూ దిగాలని మనకి అలవాటు, ఆ అలవాటుతో దీన్ని తాగితే తప్పకుండా నిరాశే. మాల్ట్ చెయ్యని, అంటే మొలకెత్తించని బార్లీని కాఫీ గింజల మాదిరి నల్లగా వేయిస్తారు, రంగూ ఆ చేదూ వచ్చేది దాన్నుంచే. పాలు పొయ్యకముందు డికాక్షన్ ఒక చుక్క నాలిక మీద వేసుకున్నోళ్లకి, సంగటి గిన్నె అడుగున మాడు గీక్కొని తిన్నోళ్లకి ఇది కొత్త రుచి కానే కాదు. నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకుంటారు, అదీ తప్పే, గిన్నిస్ డ్రాఫ్ట్‌లో, అంటే పబ్బులో కొళాయి నుంచి పోసే రకంలో, ఆల్కహాల్ 4.2 శాతం, మన షాపుల్లో దొరికే స్ట్రాంగ్ బీరు కంటే బాగా తక్కువ. అసలు నలుపు కూడా కాదు, గ్లాసు వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూడండి, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ లాగా ఉండేది కాస్తా అంచుల్లో ముదురు కెంపు రంగులో కనపడుద్ది.

ఆ మెత్తదనం నైట్రోజన్‌ది. మామూలు బీరులో ఉండేది కార్బన్ డయాక్సైడ్, అది నాలిక మీద గుచ్చుకుంటది. డ్రాఫ్ట్ స్టౌట్‌కి వాడే గ్యాసులో ముప్పావు వంతు నైట్రోజన్ ఉంటది, అది ద్రవంలో సరిగ్గా కరగదు, అందుకని సన్న సన్న బుడగలై మీగడ మాదిరి నురగ కడుద్ది. ఈ పద్ధతి 1959లో వచ్చింది, కనిపెట్టిన మైకేల్ యాష్ చదువుకుంది లెక్కలు. అదే నురగని క్యాన్‌లో ఇవ్వడానికి లోపల ఒక చిన్న ప్లాస్టిక్ బంతి వేస్తారు, విడ్జెట్ అంటారు, మూత తియ్యగానే ప్రెజర్ పడిపోయి బంతిలోంచి గ్యాస్ చిమ్ముకుంటూ వచ్చి మొత్తాన్ని పొంగిస్తది. క్యాన్ ఊపితే గడగడమనేది ఆ బంతే, కానీ ఊపమాకండి.

డబ్లిన్ నుంచి ఎవరన్నా వస్తుంటే తెమ్మని చెప్పండి. డ్యూటీ ఫ్రీ లెక్కన మనిషికి 2 లీటర్లు, అంటే 440 మిల్లీలీటర్ల క్యాన్లు నాలుగు నిక్షేపంగా వస్తాయి. క్యాన్ అడుగున డేట్ చూసి తెమ్మనండి. ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలు పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. తాగాల్సింది 6 డిగ్రీల దగ్గర, గడ్డకట్టే చలిలో వేయించిన రుచి చచ్చిపోయి ఉత్త చేదు మిగుల్తది. మా తమ్ముడు ఐస్ ముక్కలు వేశాడొకసారి, దాని గురించి ఇంక మాట్లాడను.

గ్లాసు దగ్గరే మన ఇళ్లలో దెబ్బ తింటాం. నేను తెచ్చిన మొదటి క్యాన్ మామకి పోస్తే రెండు నిమిషాల్లో నురగ మొత్తం మాయం, పైన నూనె తెట్టు మాదిరి మెరుస్తా ఉంది. చూస్తే ఆ గ్లాసు అంతకుముందు చేపల పులుసు గిన్నెతో కలిపి ఒకే స్క్రబ్బర్‌తో తోమింది. నురగకి నూనె అంటే పడదు, సబ్బు మిగిలినా పడదు. అందుకని స్టౌట్‌కి ఒక పెద్ద గాజు గ్లాసు విడిగా పెట్టుకోండి, వేడినీళ్లతో రెండుసార్లు తొలిచి బోర్లించండి, గుడ్డతో తుడవొద్దు. క్యాన్ మొత్తం పట్టేంత గ్లాసు కావాల, ఐర్లండ్‌లో పింట్ అంటే 568 మిల్లీలీటర్లు.

పోసేటప్పుడు గ్లాసుని 45 డిగ్రీలు వంచి, క్యాన్ మూత తీసిన వెంటనే ఆగకుండా ఒకే ధారగా పొయ్యండి, నిండేకొద్దీ గ్లాసు నిలబెట్టుకుంటా రండి. పబ్బులో అట్టా కాదు, ముప్పావు నింపి పక్కన పెడతారు, తేరుకున్నాక మిగతాది నింపుతారు, కంపెనీ చెప్పే లెక్క 119.5 సెకన్లు. నేను మొదటిరోజు తెలీక సగంలో ఉన్న గ్లాసు అందుకోబోయా, కౌంటర్ వెనక ముసలాయన ఏమీ అనలేదు, గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టి నా మొహం చూశాడు, అంతే.

ఇంట్లో కూడా ఆ రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి గ్లాసు చూడండి. గోధుమరంగు మేఘం లాంటిది లోపల కిందకి జారతా ఉంటది, బుడగలు పైకి పోవాల్సింది పోయి దిగతా ఉంటాయి. లిమరిక్ యూనివర్సిటీ వాళ్లు 2012లో దీనికి కారణం చెప్పారు, గ్లాసు పైకి పోయేకొద్దీ వెడల్పు కాబట్టి బుడగలు నడిమధ్య గుమికూడి ద్రవాన్ని పైకి లాగుతాయి, ఆ ద్రవం గోడల వెంట కిందకి దిగేటప్పుడు చిన్న బుడగల్ని ఈడ్చుకెళ్తది. మన స్టీలు గ్లాసులో కూడా ఇదే జరుగుద్ది, కాకపోతే మనకి కనపడదు.

నురగ నాక్కుంటా చిన్న చిన్న గుక్కలు వద్దు. గ్లాసు బాగా వంచి నురగ కింద నుంచి నల్లది లాక్కోవాల, నోటినిండా ఒక గుక్క, గడ్డం పైకెత్తి. నురగ చివరిదాకా పైనే ఉండాలి, ఒక్కో గుక్కకి గ్లాసు లోపల ఒక్కో తెల్ల గీత మిగలాల, గీతలు పడ్డాయంటే గ్లాసు శుభ్రంగా ఉన్నట్టు. మొదట తీపి లాంటిది, తర్వాత వేయించిన చేదు, ఆఖర్న సన్నటి పులుపు.

నంజుకోడానికి ఐర్లండ్‌లో ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పలు తింటారు. మన చేపల పులుసు దీనికి వద్దు, చింతపండూ కారమూ కలిసి చేదుని రెట్టింపు చేస్తాయి, అయినా మామిడికాయ వేసిన పులుసుని ఇంకోదానికి నంజు చేయడం పులుసుకే అవమానం. ఉప్పూ మిరియాలతో వేయించిన రొయ్యలు బాగుంటాయి, పెదాలు తుడుచుకొని గ్లాసు పట్టుకోండి, మళ్లీ నూనె సంగతే. నేను కనుక్కున్నది ఇంకోటుంది, మలై కాజా. ఆ పాకం తీపి మీద ఒక గుక్క స్టౌట్ పడితే బో ఉంటది, ఐర్లండ్ వాళ్లకి ఈ అదృష్టం లేదు.

సింగపూర్, మలేషియా నుంచి వచ్చేవాళ్లు తెచ్చే సీసా మాత్రం వేరే సరుకు, గిన్నిస్ వాళ్లదే ఫారిన్ ఎక్స్‌ట్రా స్టౌట్. దాంట్లో నైట్రోజన్ లేదు, బంతి లేదు, మీగడ నురగ రాలేదని కంగారు పడమాకండి. దాని మూలం 1801 నాటి వెస్ట్ ఇండియా పోర్టర్ అనే నల్ల బీరు, ఓడల్లో వారాల తరబడి పోవాలి కాబట్టి చెడకుండా హాప్స్ అనే చేదు పువ్వులు ఎక్కువ వేసేవాళ్లు. దేశాన్ని బట్టి ఘాటు మారుద్ది, 7.5 శాతం దాకా ఉంటది, లేబుల్ చూసి ఒక సీసా ఇద్దరు పంచుకోండి, బండి తాళాలు ముందే ఇంట్లోవాళ్లకి ఇచ్చెయ్యండి. నైజీరియాలో 1962 నుంచి అక్కడే కాస్తున్నారు, జొన్నలు కూడా వాడి, వాళ్లకి అదే సొంతింటి రుచి.

రెండో క్యాన్‌కి కడిగిన గ్లాసులో పద్ధతిగా పోసి మామ ముందు పెట్టా. తేరుకునేదాకా గమ్మున చూశాడు, ఒక గుక్క లాగి మీసం తుడుచుకొని, "అల్లుడా, దీన్ని దించిన చెట్టు ఎంత దూరం" అన్నాడు.