రైఫిల్‌కి చెక్క బట్ తీసి నల్లది వేయించే ముందు

మిలట్రీ నుంచి రిటైరై వచ్చి, సొంత లైసెన్సు మీద .315 బోరు రైఫిల్ కొనుక్కుని, బ్యాంకుల దగ్గర గార్డు డ్యూటీ చేసేవాళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊరికొకరు కనిపిస్తారు. ఈమధ్య వాళ్ళ ఇళ్ళలో కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి, "నాన్నా, ఈ ముసలి చెక్కేటి, తీసేసి టాక్టికల్ బట్ బిగించేద్దాం" అని పోరు పెడుతున్నారు. బట్ అంటే భుజానికి ఆనించే వెనక భాగం, టాక్టికల్ అంటే కమాండోల తుపాకీలకి ఉండేలాంటి నల్ల ఫైబర్ రకం. వానలు ముదరక ముందే పని అయిపోవాలన్న తొందర కూడా ఉంటుంది. అందులో కొంత న్యాయం ఉంది. సముద్రపు గాలి, అక్టోబరు తుఫాన్ల తేమ తగిలితే చెక్క ఉబ్బుతుంది. ఉబ్బిన చెక్క బ్యారెల్‌ని ఒక పక్కకి నెడుతుంది, గురి తప్పుతుంది. ఫైబర్‌కి ఆ బాధ లేదు.

అయినా ముందు చూసుకోవాల్సింది చట్టం. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే దాని విడిభాగాలు కూడా. విదేశీ సైట్‌లో ఆర్డర్ పెడితే అది మొబైల్ కవర్ వచ్చినట్టు ఇంటికొచ్చేస్తుందనుకోకండి. ఆయుధ భాగాల దిగుమతికి లైసెన్సు కావాలి, లేకపోతే పార్సిల్ కస్టమ్స్‌లో ఆగుతుంది, ఆపైన మీకు నోటీసు. రిపేరు, మార్పుల పనికీ లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరే ఉండాలి. ఊళ్ళో వడ్రంగి ఎంత పనిమంతుడైనా ఈ పని అతనికి అప్పగించకూడదు. డీలర్ దగ్గరకి మీరే వెళ్ళండి. కుదరక వేరేవాళ్ళని పంపితే, రిపేరుకి తీసుకెళ్తున్నాడని మీ చేత్తో రాసిన అనుమతి పత్రం, లైసెన్సు కాపీ అతని దగ్గర ఉండాలి. సిరిమానోత్సవం బందోబస్తు రోజుల్లోనూ, ఎన్నికల కోడ్ ఉన్నప్పుడూ ఈ ప్రయాణం పెట్టుకోకండి.

మడత పెట్టే బట్ జోలికి మాత్రం అసలు పోవద్దని నా సలహా. పొడుగు తగ్గి సంచిలో పట్టే రైఫిల్‌ని ఆంధ్రా-ఒడిశా సరిహద్దు చెక్‌పోస్టులో పోలీసు ఏ కంటితో చూస్తాడో మీకు తెలియంది కాదు. లైసెన్సు చూపించి బయటపడొచ్చు, కానీ ఆ పూటంతా టెన్షన్. బ్యాంకు మేనేజరుకి కూడా ముందే చెప్పి ఉంచండి. గేటు దగ్గర గార్డు చేతిలో ఉన్నట్టుండి నల్ల తుపాకీ కనిపిస్తే జనం బెదురుతారు.

ఇక పని దగ్గరకి వద్దాం. డీలర్ దగ్గరకి తీసుకెళ్ళేముందు మేగజైన్ (తూటాల డబ్బా) తీసి, బోల్టు (తూటాని లోపలికి నెట్టే కడ్డీ) వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కళ్ళతో చూడండి, తర్వాత చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. తూటాలు వేరే పెట్టెలో పెట్టాలి. "నిన్ననే ఖాళీ చేశాను" అన్న మాట ఎవరు చెప్పినా లెక్కలోకి తీసుకోవద్దు, మీరు చెప్పుకున్నా సరే.

మన .315లు ఎక్కువగా ఇషాపూర్ ఫ్యాక్టరీవి, బ్రిటిష్ కాలపు సైనిక రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ వంశం. వీటికి చెక్క రెండు ముక్కలు: వెనక బట్, ముందు బ్యారెల్ కింద ఫోర్‌ఎండ్. బట్ ప్లేటు తీస్తే లోపల లోతైన కన్నం ఉంటుంది. దాని అడుగున పొడవాటి మర బోల్టు (ఇందాకటి బోల్టు కాదు), అదే బట్‌ని రిసీవర్‌కి, అంటే తుపాకీ మధ్య ఇనప భాగానికి, బిగించి ఉంచేది. ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో ఆ మర బోల్టు ముందు కొస నలుపలకలుగా ఉండి, ఫోర్‌ఎండ్ చెక్క వెనక ఉన్న చిన్న ఇనప పలకలో కూర్చుంటుంది. ఫోర్‌ఎండ్ విప్పకుండా వెనకనుంచి స్క్రూడ్రైవర్‌తో తిప్పారో, ఆ కొస చెక్కని చీల్చేస్తుంది. వీడియోలు చూసే కుర్రాళ్ళు దీన్నే మర్చిపోతారు, ఎందుకంటే అందులో చూపించేవి వేరే మోడళ్ళు. డీలర్ దగ్గర కూడా "ముందు ఫోర్‌ఎండ్ తీస్తారు కదా?" అని ఒక్క మాట అడగండి. అతను నవ్వితే పర్వాలేదు. వింతగా చూస్తే మాత్రం రైఫిల్ వెనక్కి తెచ్చేసుకోండి.

కొత్త బట్ మీ రైఫిల్ మోడల్‌కే తయారైందా అన్నది బిల్లు కట్టకముందే తేల్చుకోవాలి. పట్టకపోతే ఆకురాయితో లోహాన్ని అరగదీద్దామనే మాట వస్తే అక్కడితో ఆపేయండి. బిగించాక ట్రిగ్గర్ స్వేచ్ఛగా తిరిగి వస్తోందా, సేఫ్టీ పూర్తిగా పడుతోందా, తూటా నెట్టే బోల్టు గట్టిగా మూస్తే ట్రిగ్గర్ నొక్కకుండానే కాల్చే పిన్ను జారిపోతోందా అని ఖాళీ తుపాకీతోనే పదిసార్లు చూడండి. స్క్రూలు తయారీదారు చెప్పినంత బిగువే ఉండాలి, బలం ఉంది కదా అని తిప్పితే ప్లాస్టిక్ పగులుతుంది. స్కోపు (గురిచూసే దుర్బిణి) ఉన్నవాళ్ళు బట్ పొడుగు మారిందని గుర్తుంచుకోవాలి. కన్ను స్కోపుకి మరీ దగ్గరగా వస్తే కాల్చినప్పుడు వెనక్కి తన్ని కనుబొమ్మ చిట్లుతుంది.

గురి మళ్ళీ సరిచేసుకోక తప్పదు. అది సరుగుడు తోటలోనో చెరువు గట్టు మీదో కాదు, అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజ్‌లోనే చేయాలి. 2019 సవరణ తర్వాత వేడుకల్లో కాల్పులకి కూడా రెండేళ్ళ వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, రెండూనో ఉన్నాయి. పెళ్ళి ఊరేగింపులో పరీక్షిద్దాం అనే బావమరిదిని దూరంగా ఉంచండి.

విప్పిన చెక్కని పారేయకండి, అమ్మకండి. దానికి అవిసె నూనె పట్టించి పొడిచోట పెట్టండి. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి. డీలర్ ఇచ్చిన రసీదు లైసెన్సు పుస్తకంలోనే ఉంచండి. లైసెన్సు ఇప్పుడు ఐదేళ్ళకి ఇస్తున్నారు, రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు తుపాకీ నంబరుతో పాటు బట్ ఎందుకు మారిందని అడిగితే చూపించడానికి పనికొస్తుంది.