వైరస్ వ్యాప్తి, యాంటీబాడీల పని: తరగతిలో చేసి చూపించే పద్ధతి

32 మంది ఉన్న తరగతి అనుకుందాం. తలా ఒక 200 మి.లీ. ప్లాస్టిక్ గ్లాసులో 50 మి.లీ. నీళ్ళు పోసి ఇవ్వండి. ఒక్క గ్లాసులో మాత్రం పావు చెంచా, అంటే సుమారు 1 గ్రాము చాకలి సోడా పూర్తిగా కరిగించండి. అదే వైరస్. ఎవరిదో పిల్లలకు తెలియకూడదు. వంటసోడా వాడితే రంగు సరిగా రాదు, దాని క్షారగుణం చాలదు. కొన్నిచోట్ల బోరు నీళ్ళే లేత గులాబీకి తిరుగుతాయి కాబట్టి ముందురోజే ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ద్రావణం) వేసి చూసుకోండి. రంగు వస్తే ఆర్‌ఓ నీళ్ళు వాడండి.

మొదలుపెట్టే ముందు ప్రతి గ్లాసు నుంచి 5 మి.లీ. తీసి నంబరు వేసిన సీసాలో దాచండి. ఈ పని మరిచిపోతే చివర్లో చిక్కొస్తుంది.

ఇక మూడు విడతలు. ప్రతి విడతలో ఒక కొత్త జోడీ: ఒకరి నీళ్ళు మొత్తం రెండోవారి గ్లాసులో పోసి, కలిపి, సగం వెనక్కి తీసుకోవాలి. జోడీ పేరు వరసగా రాసుకోవాలి. తర్వాత అందరి గ్లాసుల్లో రెండేసి చుక్కల ఫినాఫ్తలీన్ వేయండి. గులాబీ రంగు గరిష్ఠంగా 8 గ్లాసుల్లో వస్తుంది: 1, 2, 4, 8. సోకినవాళ్ళు తమలో తామే జతకడితే ఇంకా తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో పిల్లలనే చెప్పనివ్వండి, పాఠం అక్కడే ఉంది. పేర్ల పట్టీలతో వెనక్కి వెళితే మొదటి విడత జోడీ దాకా చేరతారు. ఇద్దరిలో మూలం ఎవరో పట్టీ చెప్పలేదు, దాచిన సీసాలే చెబుతాయి.

యాంటీబాడీ అంటే వైరస్‌ను పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రోటీన్. దాన్ని చూపించడానికి వెనిగర్ కలిపి రంగు పోగొట్టే పద్ధతి వద్దు. వెనిగర్ గ్లాసు నుంచి గ్లాసుకు పాకితే, రోగనిరోధకత కూడా పక్కవారికి అంటుకుంటుందని పిల్లలు నమ్ముతారు. దాని బదులు అట్ట వాడండి. థర్మాకోల్ బంతికి త్రికోణపు ముక్కలు గుచ్చితే వైరస్, ఆ ముక్కలే దాని ముళ్ళు. అదే త్రికోణపు గాడి ఉన్న అట్ట మన కణం. రెండు చేతుల కొసల్లో గాడి ఉన్న అట్ట యాంటీబాడీ. త్రికోణం, చతురస్రం, గుండ్రం గాడులున్న యాంటీబాడీ అట్టలు సంచిలో వేసి, సరిపోయేది వెతికించండి. దొరికాక దాని నకళ్ళు కత్తిరించమని గడియారం పెట్టండి. రెండోసారి నమూనా చేతిలోనే ఉంటుంది కాబట్టి పని చకచకా అవుతుంది. జ్ఞాపక కణాలు చేసేది ఇదే. నిజ శరీరంలో మొదటిసారి ఒకటి రెండు వారాలు పడుతుంది.

"యాంటీబాడీ వైరస్‌ను చంపేసింది" అని పిల్లలు అంటారు. అది ముళ్ళను కప్పి కణానికి అతుక్కోనివ్వదు, తెల్లరక్తకణాలు మింగేలా గుర్తు పెడుతుంది అని బంతితో చూపించండి. తర్వాత వైరస్ రూపు మారినట్టు త్రికోణం కొసను కాస్త కత్తిరించి పాత యాంటీబాడీని తగిలించమనండి. అది సరిగ్గా కుదరదు. ఫ్లూ టీకా ఏటా ఎందుకు మారుతుందో అప్పుడు అడగండి.