కొత్త లోగోను సభ్యులే ఎన్నుకోవాలంటే

రక్తదాన శిబిరంలో చీకటి పడేదాకా నిలబడే కార్యకర్త సంస్థ లోగోను తన చొక్కా మీద మోస్తాడు కాబట్టి, అతని ఓటు లేకుండా దానిని మార్చకూడదని నా నిశ్చితాభిప్రాయం.

నమూనాలు గీయించడానికి ముందే నెలవారీ సమావేశంలో పాత లోగోలో ఏది ఉండి తీరాలో, ఏది పోయినా ఫరవాలేదో సభ్యులను అడగండి. పాలమూరులో చాలామంది పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టును, నల్లగొండలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని కోరుకోవడం సహజం. అయితే ఊరి గుర్తుతో పాటు సంస్థ చేసే పని కూడా బొమ్మలో కనిపించాలని గీసేవారికి ముందే చెప్పాలి.

వచ్చిన నమూనాలను ఓటుకు పెట్టే ముందు వడపోయాలి. తెల్లని నేపథ్యంపై ఎర్ర క్రాసును అనుమతి లేకుండా వాడడాన్ని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం నిషేధిస్తుంది. రక్తదాన సంస్థలు తెలియక చేసే పొరపాటు ఇదే. మూడు సింహాల జాతీయ చిహ్నానికీ 2005 నాటి చట్టం అడ్డు వస్తుంది. ఆ తరువాత ప్రతి నమూనానూ నలుపు తెలుపులో, రబ్బరు స్టాంపు పరిమాణంలో జిరాక్సు తీయించి చూడండి. మేము అలా తీయించినప్పుడు, తెర మీద ఎంతో అందంగా కనిపించిన మర్రి ఊడలన్నీ కలిసిపోయి సిరా మరకలా మిగిలాయి. ఊడలను మూడుకు తగ్గించి గీసిన తరువాతే అది చెట్టుగా కనిపించింది.

ఓటు వేయించే పద్ధతి మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. తొంభై మంది ఓటు వేశారనుకుందాం. మర్రిచెట్టు ఉన్న రెండు నమూనాలకు 28, 27 ఓట్లు, చేతుల బొమ్మకు 35 వస్తే, 55 మంది చెట్టునే కోరుకున్నా చేతుల బొమ్మ గెలుస్తుంది. అందువల్ల ఒక్కొక్కరు ఒకే గుర్తు పెట్టే పద్ధతికి బదులు, తమకు సమ్మతమైన నమూనాలన్నింటికీ టిక్కు పెట్టనివ్వండి. ఎక్కువ టిక్కులు వచ్చినది నెగ్గుతుంది. పాత లోగోను కూడా ఓటుచీటీలో ఒక నమూనాగా చేర్చండి, ఎందుకంటే మార్పే వద్దనే సభ్యుడికీ ఓటు ఉండాలి. నమూనాలన్నీ ఒకే కొలతలో, గీసినవారి పేర్లు లేకుండా, అంకెలతో మాత్రమే అచ్చు వేయించాలి.

వాట్సాప్ పోల్ సులువే గానీ, సాధారణంగా అందులో ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది. అధ్యక్షుడు వేసిన వైపే మిగతావారూ మొగ్గుతారు. పైగా రెండు నంబర్లున్నవారికి రెండు ఓట్లు పడతాయి. సభ్యత్వ రిజిస్టరును ఒక తేదీ నాటికి ఖరారు చేసి, సంతకం తీసుకుని చీటీ ఇచ్చి, మడిచి పెట్టెలో వేయించడమే మేలు. అచ్చంపేట, దేవరకొండ వంటి దూర ప్రాంతాల సభ్యులకు చీటీలను ముందుగా పంపి, మూసిన కవర్లలో తెప్పించుకోవచ్చు.

నమూనాలు గీయనివారు ఇద్దరు అందరి ఎదుటే లెక్కించాలి. సమానంగా వస్తే ఏం చేయాలో ఓటింగుకు ముందే నిర్ణయించి ఉండాలి. ఫలితాన్ని తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాసి, అదే రోజు గీసినవారి సంతకంతో కాపీరైట్ బదిలీ పత్రం తీసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నోటిమాటతో ఆ హక్కు బదిలీ కాదు. కొత్త లోగో ఏ తేదీ నుంచి అమలవుతుందో కూడా ఆ తీర్మానంలోనే రాస్తే, మిగిలిన పాత రసీదు పుస్తకాలను ఆ తేదీ దాకా వాడుకోవచ్చు.